గణకుల మందిరము



1922వ సంవత్సరమున ఆంగ్ల శాస్త్రజ్ఞుడగు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్, వాతావరణమును లెక్కలచే ముందుగా నెరుంగు విధానమును గూర్చి గ్రంథము వ్రాసి, అందొక వింత మందిరమును ఊహించెను. లోగోడలపై భూగోళమంతయు చిత్రింపబడిన యా మందిరమున 64,000 మంది గణకులు, ఎవరి పాలికి వచ్చిన భూభాగపు లెక్కను వారు కట్టుచు, ఫలితమును ఇరుగుపొరుగువారికి కనబరచుచుందురు. నడుమ నెత్తైన పీఠముపై నిలిచిన అధికారి, ముందునకు దూకువారిపై గులాబికాంతిని, వెనుకబడినవారిపై నీలకాంతిని ప్రసరింపజేయుచుండును. కంప్యూటరనగా నాటి ఇంగ్లీషున మనుష్యుడే సుమా!

అట్టి మందిరమును ఎవరును కట్టలేదు. కాని 1990 దశకమున కంప్యూటరు శాస్త్రజ్ఞులగు ఇయాన్ ఫాస్టర్, కార్ల్ కెసెల్మన్ ప్రభృతులు, దీపపు మీట నొక్కువాడు ఆ విద్యుత్తు ఏ జలాశయమున పుట్టెనో విచారింపనట్లే, శాస్త్రజ్ఞుడును తన లెక్క ఏ యూరి యంత్రమున తేలుచున్నదో విచారింప నక్కరలేని యొక జాలమును సంకల్పించి, విద్యుత్తు గ్రిడ్డు పేరునే దానికి పెట్టిరి.

దానికి ఘనమైన పరీక్ష జెనీవా చెంత సెర్న్ అను కణభౌతిక పరిశోధన సంస్థలో జరిగినది. 27 కిలోమీటర్ల వలయమున ప్రోటానులు ఢీకొనునపుడు వెలువడు సమాచారమును 40కి పైగా దేశములందలి సుమారు 170 కేంద్రములు పంచుకొనుచున్నవి. మన ముంబయి, కలకత్తా కేంద్రములును అందున్నవి. 2012 జూలై 4న ప్రకటితమైన హిగ్స్ కణము, ఈ పంపకము లేనిచో, అంత త్వరగా బయటపడెడిది కాదు. ఒక తాకిడితో మరియొకదానికి పొత్తు లేదు గనుక, వరికోతలో ఎవరి మునుము వారు పట్టినట్లు, ఏ యంత్రమున కా యంత్రము తన పనిని తెమల్చుకొనవచ్చును.

వాతావరణ మట్లు గాదు. పొరుగు మడిలోని గాలి నా మడిలోనికి వచ్చునే! అడుగడుగునకు ఇరుగుపొరుగుల అంకెలు చేతికందిన గాని తరువాతి అడుగు పడదు. ఆ అంకెలు సముద్రములు దాటి రావలసియున్నచో, యంత్రములకు లెక్కించుటకన్న ఎదురుచూచుటయందే కాలము గడచును. 1967లో కంప్యూటరు నిపుణుడు జీన్ ఆమ్డాల్ చూపినది మరింత కఠినము: పనిలో నూటికి ఐదుపాళ్లు విభజింపరానిదైనచో, వేయి యంత్రములు గుమిగూడినను వేగము ఇరువదిరెట్లు దాటదు. యంత్రముల సంఖ్యను చాటుకొను ప్రకటనలు చదివినపుడెల్ల నాకీ ఐదుపాళ్లే జ్ఞప్తికి వచ్చును.

లెక్కల బరువెంతటిదో రిచర్డ్‌సన్‌కు స్వానుభవము: ఆరుగంటల వాతావరణమును ఒంటరిగా గణించుటకు ఆయనకు వారములు పట్టెను, వచ్చిన ఫలితమా, తప్పు! అయినను తన మందిరమునకు వెలుపల ఆటస్థలములను, కొండలను, సరస్సులను గూడ ఊహింప ఆయన మరువలేదు. గాలిని గణించువారు గాలి పీల్చుకొనవలదా? ఈ స్నాతకోత్సవ మందిరపు తలుపులును ఇక తెరువనిండు.