మంగుకి లేజరు చేయించుకునే ముందు



ఈ మధ్య అప్పు దరఖాస్తుల్లో కొత్త రకం ఒకటి కనబడుతోంది. గేదె, కుట్టుమిషను, పిల్లల ఫీజు అని రాసే చోట ఇప్పుడు 'ముఖానికి లేజరు' అని రాస్తున్నారు. విశాఖపట్నం వెళ్ళి చేయించుకుంటారట. ఇందులో సిగ్గుపడేదేం లేదు. ముఖం ఆమెది, పొదుపూ ఆమెదే. మేము అడిగేది ఒక్కటే: నెల తప్పిందా, బిడ్డ కోసం చూస్తున్నారా?

కడుపుతో ఉన్నప్పుడు బుగ్గల మీద, నుదుటి మీద మంగు రావడం మామూలే. ఒంట్లో హార్మోన్లు పెరగడం వల్ల వస్తుంది. చెరకు తోటలో ఎండ, బెల్లం వండే పొయ్యి సెగ తోడైతే ఇంకా నల్లబడుతుంది. చాలామందికి కాన్పయిన కొన్ని నెలలకి దానంతటదే తగ్గుతుంది. ఆ రోజుల్లో గడ్డం మీద, పొట్ట మీద వచ్చే వెంట్రుకలూ చాలావరకు అంతే. దానంతటదే పోయేదానికి అప్పు చేసి వాయిదాలు కట్టడం ఎందుకమ్మా? పైగా మన చామనచాయ ఒంటికి ఆ సమయంలో లేజరు తగిలితే మచ్చ ఇంకా ముదరొచ్చు.

బిడ్డకి ప్రమాదమా అని అడుగుతున్నారు. లేజరు వెలుగు చర్మంలో కొన్ని మిల్లీమీటర్లే దిగుతుంది, గర్భసంచి దాకా పోదు. తెలీక ఒక సిట్టింగు చేయించుకున్నవాళ్ళు హడలిపోవద్దు, డాక్టరమ్మకి చెప్పండి. గర్భిణుల మీద పరిశోధన తక్కువ కాబట్టి, అందం కోసం చేసేవి కాన్పు దాకా ఆపమనే వైద్యులు చెబుతారు.

అసలు భయం మందులతోనే. ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్ పూతలు ఆ నెలల్లో వద్దు. మొటిమలకిచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్ర బిడ్డకి అవకరం తెస్తుంది. అది ఆపి కనీసం నెల గడిచాకే బిడ్డ సంగతి ఆలోచించాలి. ఊరూ పేరూ లేని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం ఉండొచ్చు, అది కడుపులో బిడ్డకి చేరుతుంది.

వెంట్రుకలు తీయించడానికి సుమారు 6 నుంచి 8 సిట్టింగులు, మధ్యలో నెల, నెలన్నర ఎడం. పెళ్ళికి ముందు మొదలెడితే సగంలో నెల తప్పొచ్చు. అందుకని డబ్బంతా ముందే కట్టెయ్యకండి. ఆపితే మిగతావి కాన్పు తరవాత చేస్తామని కాగితం మీద రాయించుకోండి.

ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకి ఉచిత పరీక్షలు 2016 నుంచి జరుగుతున్నాయి. ఇంట్లో వాడే క్రీములన్నీ సంచిలో వేసుకెళ్ళి ఆ రోజు చూపించండి. అందాకా తలమీద కొంగు, జింకాక్సైడు ఉన్న సన్‌స్క్రీను చాలు.

దరఖాస్తులు మేము కొట్టెయ్యడం లేదు. కాన్పయి ఐదారు నెలలయ్యాక, పాలిస్తుంటే డాక్టరుని అడిగి, మచ్చ ఇంకా మిగిలితే తీసుకురండి. సంఘంలో తీర్మానం రాసి ఇస్తాం.