ఓడలో రాని విడిభాగం

మేము నాటాలులో పుట్టిన మూడవ తరం వారము. మా తెలుగు రాత్రిబడిలో నేర్చినది. ఒత్తులు తప్పితే మన్నించగోరుతున్నాము.

కిందటి ఉగాదికి రెండు వారాల ముందు మన హాలు వంటింట్లో గ్రైండరు ఆగిపోయిన సంగతి మీలో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. విప్పి చూస్తే లోపల అరచేతిలో పట్టే పళ్లచక్రానికి మూడు పళ్లు ఊడిపోయి ఉన్నాయి. అమ్మిన దుకాణానికి వెళ్తే, ఆ భాగం ఇండియా నుంచి రావాలి, నాలుగు నెలలు పట్టవచ్చు అన్నారు. నాలుగు నెలలు గారెలు ఆగుతాయా? మా రాత్రిబడిలో చదివిన ఒక కుర్రవాడు ఆ చక్రాన్ని అడిగి పట్టుకుపోయాడు. వాడు చేసిన పని వల్లనే ఈనాటి ఉపన్యాసానికి ఈ విషయం ఎన్నుకున్నాము.

మా నాన్నగారు చక్కెర మిల్లులో టర్నర్. లేతు మీద ఇనుప కడ్డీని చెక్కి భాగాలు చేసేవారు. ఎంతో ఇనుము రజనై నేల మీద పడేది. ఇప్పటి పద్ధతి దానికి తలకిందులు. చెక్కడం లేదు, పేర్చడమే. మన ఆడవారి జంతికల గొట్టాన్ని తలచుకోండి. గొట్టం నుంచి వచ్చే పిండి తీగను ఒక వరస మీద ఇంకొక వరసగా కొలత ప్రకారం పేర్చుకుంటూ పోతే గిన్నె ఆకారం రాదా? పిండికి బదులు కరిగిన ప్లాస్టిక్కు, చేతికి బదులు కంప్యూటరు. దీనిని ఎడిటివ్ మాన్యుఫాక్చరింగ్ అని ఇంజనీర్లు, త్రీడీ ప్రింటింగ్ అని జనం అంటారు. అమెరికాలో చార్లెస్ హల్ గారు 1983లో, వెలుతురు తగిలితే గట్టిపడే ద్రవంతో తమ మొదటి వస్తువు చేసి, 1986లో పేటెంటు పొందారు. ఈ సభలో చెవిలో వినికిడి యంత్రం పెట్టుకున్న పెద్దలున్నారు. చెవి కొలతకు చేయించిన దానైతే, ఆ తొడుగు చాలావరకు ఇలా ముద్రించినదే.

దీనికీ సరుకుల రవాణాకూ సంబంధమేమిటంటారా? మిల్లు స్టోరులో ఎప్పటికో పనికివస్తాయని కొన్న భాగాలు గ్రీజు పూసి అలమరాల నిండా ఉండేవి. గ్లాస్గో నుంచి ఓడ వచ్చేదాకా నరికిన చెరకు ఆగదు, పుల్లబడుతుంది. అంత డబ్బు అలమరాలో నిద్రపోయేది. ఇప్పుడు వస్తువుకు బదులు దాని నమూనా దాచుకుంటే, అవసరమైన రోజున ముద్రించుకోవచ్చు. 2020 మార్చిలో ఇటలీలోని కియారి ఆసుపత్రిలో శ్వాసయంత్రాల వాల్వులు అయిపోతే, స్థానిక ఇంజనీర్లు ముద్రించి అందించారు.

మన దేశపు సంగతి ఇంకా గొప్పది. జోహాన్నెస్‌బర్గ్ వడ్రంగి రిచర్డ్ వాన్ ఆస్ 2011లో రంపం మీద చేతివేళ్లు పోగొట్టుకున్నారు. కృత్రిమ వేళ్ల ధర వారికి అందుబాటులో లేదు. అమెరికాలో ఇవాన్ ఓవెన్ గారు చేసిన యాంత్రిక హస్తం చూసి వారిని సంప్రదించారు. ఇద్దరూ సముద్రానికి చెరొక ఒడ్డున ఉండి పనిచేశారు. ఒక కంపెనీ చెరొక యంత్రం ఇచ్చింది. ఆపైన ఒకరు గీసినది ఇంకొకరి ఇంట్లో వస్తువై బయటికి వచ్చేది. వేళ్లు లేకుండా పుట్టిన ఐదేళ్ల పిల్లవాడికి చెయ్యి అమర్చారు. 2013లో ఆ నమూనాను అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. పిల్లవాడు ఎదిగితే కొలత పెంచి మళ్లీ ముద్రించుకోవచ్చు!

అయితే ఓడలకు కాలం చెల్లిందని చెప్పేవారిని మేము నమ్మము. మన చక్రం ముద్రించడానికి ఐదు గంటలు పట్టింది; అచ్చులో పోసే కర్మాగారం అంతసేపట్లో వందలు తీస్తుంది. వేలకొద్దీ కావలసిన బకెట్లు, చెంచాలు ఓడలోనే వస్తాయి. అరుదైనవి, అత్యవసరమైనవి, పాత యంత్రాలవి మాత్రం ఇంటి దగ్గర పుడతాయి. అందుకూ ముడిసరుకు రావాలి కదా! కుర్రవాడి ప్లాస్టిక్ తీగచుట్ట కూడా డర్బన్ రేవులో దిగినదే. 2023 చివర ఆ రేవు బయట ఓడలు రోజుల తరబడి లంగరు వేసుకుని నిలబడ్డాయి. అప్పుడు ఆ చుట్టా నిలబడేదే. రిచర్డ్స్ బే ఇసుకలోని టైటానియం ఖనిజాన్ని మనం ఓడలకెత్తి పంపుతాము. విమానభాగాలు ముద్రించే పొడిగా మారేది చాలావరకు పరదేశాలలో. ఈ మాట మాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

టర్నర్ల గతేమిటని మా పెదనాన్న కొడుకు అడిగాడు. వాడూ లేతు పనివాడే. ముద్రించిన లోహభాగాన్ని కూడా తరచుగా లేతు మీదనో మిల్లింగు యంత్రం మీదనో సరిచేయాలి. కాని కొత్తగా కావలసినది గీయగల చెయ్యి. గ్రైండరు నమూనా మనకెవరూ ఇవ్వలేదు. విరిగిన చక్రాన్ని వెర్నియరుతో కొలిచి, ఊడిన పళ్లను లెక్కకట్టి కుర్రవాడే గీశాడు. అందుకే మేము రాత్రిబడిలో అక్షరాలతో పాటు నెలకొక గంట డ్రాయింగు చెప్పించమని కమిటీవారిని అడిగాము. జవాబు ఇంకా రాలేదు.

మొదటి చక్రం మొక్కజొన్నపిండి నుంచి చేసే ప్లాస్టిక్కుతో ముద్రించాడు. అది అరవై డిగ్రీల వేడికే మెత్తబడుతుందట. ఒక వాయి రుబ్బేసరికి పళ్లు వంగిపోయాయి. రెండవది నైలాను. ఉగాది నాటి గారెలు దానితో రుబ్బినవే, ఈ సాయంత్రం వడ్డించబోయేవీ దానితోనే. ఇండియా నుంచి రావలసిన చక్రం ఐదవ నెలలో వచ్చింది. పెట్టె విప్పకుండా వంటింటి సొరుగులో ఉంచాము.