ట్రాక్టరు దాహము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)

  

ఒక గ్రామమున గ్రంథాలయము ఇరువదియైదేండ్లు తలుపులు మూయక నిలుచుట సామాన్య విషయము కాదు. నాకు ముందు ప్రసంగించిన పెద్దలు సాహిత్యమును గూర్చి చెప్పిరి. నేను మరమ్మతు పనివాడను. నాది చమురు చేతుల విద్య. చదువు చేనికి కూడ అక్కరకు రావలెనను తలంపుతో కార్యదర్శిగారు నన్ను పిలిచినారు కనుక ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

నేను అమీర్‌పేటకును పంజాగుట్టకును నడుమ నివసించువాడను. నేడచ్చట పొలము వెదకినను కానరాదు. అమీర్‌పేటలో రెండు మెట్రో మార్గములు కలియుచున్నవి, వీధివీధిని శిక్షణాలయములు. అయినను ఆ మేడల క్రింద డీజిలు జనరేటర్లు కలవు. నెలల తరబడి నిద్రించి, కరెంటు పోయిననాడు అవి మొరాయించును. వాటి జబ్బును మీ పాత ట్రాక్టరు జబ్బును చాలవరకు ఒక్కటే: త్రాగుటకు నూనె అందకపోవుట.

1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గున రుడాల్ఫ్ డీజిలు నడిపి చూపిన యంత్రమున నిప్పురవ్వ లేదు. గాలిని గట్టిగా నొక్కిన అది కాగును; కాగిన గాలిలోనికి నూనెను చిమ్మిన మండును. నేటికిని సూత్రమిదియే. కావున నూనె శుభ్రముగా, గాలి బుడగ లేక, తగిన ఒత్తిడితో అందవలెను.

బండి కదలనప్పుడు మొదట పొగగొట్టమును చూడుడు. సెల్ఫు కొట్టునప్పుడు పొగ ఏమాత్రమును రానిచో నూనె సిలిండరునకు చేరుటలేదు. తెల్లని పొగ వచ్చియు అందుకొననిచో నూనె చేరుచున్నది గాని మండుటలేదు. ఈ భేదము తెలియక సెల్ఫు కొట్టుచునే యుండి బ్యాటరీని చంపుకొనువారు పెక్కుమంది.

పొగ రానిచో ట్యాంకునుండి బయలుదేరి నూనె నడచిన దారినే నడువుడు. ట్యాంకులో నూనె కలదా? కుళాయి తెరచియున్నదా? ఆపు పిడి పూర్తిగా లోనికి పోయినదా? పిమ్మట గిన్నెను చూడుడు. నీరు డీజిలుకన్న బరువు గనుక అడుగున నిలుచును, దానిని వదలివేయుడు. తరువాత ఫీడుపంపు మీటను చేతితో ఆడింపుడు. మీట వదులుగా నున్నచో పంపు చెడినదని తొందరపడవలదు. ఇంజనును కొంచెము త్రిప్పి మరల చూడుడు. లోపలి క్యాము మీటను ఎత్తి పట్టియుండవచ్చును. పొరగల ఫీడుపంపులో పొర చినిగినచో డీజిలు ఇంజనాయిలులో కలియవచ్చును. కొలబద్దపై ఆయిలు పెరిగి డీజిలు వాసన వేసినచో బండిని నడుపరాదు, బేరింగులు పోవును.

ఫిల్టరు దాటిన నూనె ధారగా రానిచో ఫిల్టరు మార్చుడు. ధారలో బుడగలున్నచో ఎయిరు పట్టినదని తెలియుడు. గాలి నొక్కిన అణగును. పంపు శ్రమ యంతయు దానిని నొక్కుటకే వ్యయమగును. ఫిల్టరుపై మరను సడలించి బుడగలు పోవువరకు మీట ఆడింపుడు; అటుపిమ్మట పెద్దపంపు మరను, చివరకు నాజిలు గొట్టముల నట్టులను అట్లే సడలించి సెల్ఫు త్రిప్పుడు. మరల మరల ఎయిరు పట్టుచున్నచో ట్యాంకునకును ఫీడుపంపునకును నడుమ అతుకులను, వాచర్లను పరీక్షింపుడు. అచ్చట నూనె బయటకు కారకపోయినను గాలి లోనికి దూరగలదు.

ఇచ్చట ఒక హెచ్చరిక. నాజిలు చిమ్మునెదుట చేయి పెట్టరాదు. పాత ఇంజనులలో సుమారు 150 మొదలు 200 వాతావరణముల ఒత్తిడితో వెడలు ఆ నూనె చర్మమును చీల్చును. పైకి సూదిపోటువలె నుండును. లోపల కండ చచ్చును. నొప్పి లేదని ఊరకుండక, ఆ గంటలోనే ఆసుపత్రికి పోయి డీజిలు దూరినదని వైద్యునకు చెప్పవలెను. వ్రేలు దక్కుట ఆ తొందరపైననే ఆధారపడును.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకొందును. వెనుక ఒక రైతు బండి అరగంట నడచి ఆగుచుండెను. కొంతసేపు ఊరకుండిన మరల నడచుచుండెను. నేను చూడకయే పెద్దపంపు చెడినదని చెప్పితిని. అతడు దానిని విప్పించి నగరమునకు తెచ్చెను. అవి తొలకరి దినములు. పంపు బాగుచేసి పంపినను జబ్బు పోలేదు. చివరకు అతని కుమారుడు నూనె ఎంతయున్నదో చూతమని ట్యాంకు మూత తీయగా తుస్సుమని శబ్దమయ్యెను. బండి వెంటనే అందుకొనెను. మూతలోని గాలిరంధ్రము మట్టితో పూడినది. గాలి లోనికి పోనిదే నూనె బయటకు రాదుకదా! నేను పుచ్చుకొన్న పైకము తిరిగి ఇచ్చితిని. పోయిన పదును మాత్రము తిరిగి ఇయ్యలేకపోతిని.

ఆనాటినుండి మూతను చూడక పంపును ముట్టను. మీరును పెద్దపంపును చెట్టుక్రింద విప్పరాదు. దాని లోపలి భాగముల సందు వెంట్రుక మందములో స్వల్పభాగము మాత్రమే. ఒక్క ఇసుకరేణువు చాలును. అన్నియు చూచిన పిమ్మటనే పరీక్షాయంత్రము గల చోటికి పంపవలెను.

నివారణ సులభము. డీజిలును సన్నని జల్లెడతో వడగట్టుడు. పీపాను కదల్పక నిలిపి, అడుగు నూనె తోడకుడు. సాయంకాలమే ట్యాంకు నింపినచో రాత్రి చల్లదనమునకు లోపల నీరుపట్టుట తగ్గును.

కడపట గ్రంథాలయమునకు ఒక విన్నపము. మీ ఊరిలోని ప్రతి ట్రాక్టరునకు సంబంధించిన పుస్తకము ఈ బీరువాలో నుండవలెను. దాని ప్రక్క ఒక తెల్ల పుస్తకముంచి, ఎవరి బండి ఎందుకాగెనో, ఎట్లు నడచెనో వ్రాయించుడు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్రప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణాలయము కలదు. చదువుకొన్న యువకులను అచ్చటికి పంపుడు. ఒకని తప్పు పదిమందికి పాఠమైనచో, నేను చేసిన తప్పు ఈ ఊరిలో మరల జరుగదు.