పక్కవాడికి అర్థమయ్యేలా ప్రోగ్రాం రాయాలి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో మీ సాయంతో చదివే పిల్లలు ఇంజనీరింగులో చేరితే సాధారణంగా మొదట నేర్చేది సి భాష. "ఇంత పాతది మాకెందుకు సార్?" అంటారు. సి 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. కోబాల్ 1959 నాటిది. అయినా లినక్స్ కెర్నల్ ఈనాటికీ ఎక్కువగా సి లోనే ఉంది. పెద్ద పెద్ద బ్యాంకుల లెక్కలు కోబాల్‌లో నడుస్తున్నాయి.

2000 సంవత్సరానికి ముందు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాశారు. '00' అంటే 1900 అనుకుంటుందేమోనని ప్రపంచమంతా భయపడింది. కోబాల్ నేర్చిన మన తెలుగువాళ్లు ఎందరికో అప్పుడు పని దొరికింది. వాళ్లు చేసింది కొత్తది రాయడం కాదు. ఎవరో ఎప్పుడో రాసినదాన్ని చదివి దిద్దడం.

ప్రొద్దుటూరు బంగారు అంగడిలో గుమాస్తా మారినా ఖాతా పుస్తకం అదే. కొత్తవాడికి అర్థం కాకుంటే నష్టం యజమానికే. ప్రోగ్రామూ అంతే.

పిల్లలూ, నాలుగు మాటలు గుర్తుంచుకోండి. ఎ, బి, ఎక్స్ అని కాక, 'విద్యార్థుల సంఖ్య', 'నెల ఫీజు' అని అర్థమయ్యే పేర్లు పెట్టండి. ఒక ఫంక్షన్‌కు ఒకే పని అప్పగించండి. 'గోటు'తో ఇష్టమొచ్చినట్టు దూకకండి. దాని చేటును డైక్‌స్ట్రా 1968లోనే హెచ్చరించారు. కామెంటులో ఏం చేశామో కాదు, ఎందుకు చేశామో రాయండి.

దాతలకు ఒక మనవి. మన పిల్లలు ప్రోగ్రాములు బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటున్నారు. ఇంటర్వ్యూలో ఇంకొకరి ప్రోగ్రాం చేతికిచ్చి తప్పు వెతకమంటే బిక్కమొహం వేస్తున్నారు. నాలుగేళ్ల ఫీజు కట్టిన మీ శ్రమ ఆ ఒక్క గడప దగ్గర ఆగిపోకూడదు. మూడు ఊళ్లలోనూ ఆదివారం రెండు గంటలు ఒక గది ఇప్పించండి. జిసిసి కంపైలర్ ఉచితం, పాత కంప్యూటర్లు చాలు. ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలు నెలకొకరు వచ్చి తమ్ముళ్ల, చెల్లెళ్ల ప్రోగ్రాములు చదివి దిద్దిపోతే అదీ విరాళమే. ఒకరు రాసింది పక్కవారు చదివి చెప్పగలిగిన రోజున మీరిచ్చిన రూపాయి పూర్తిగా పనికొచ్చినట్టు.