ఎల్వా నది, ట్రౌట్ చేప



గోదావరి పాయల వెంట ఉన్నవారికి, ముఖ్యంగా యానాం శ్రోతలకు, పులస సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. వరదల రోజుల్లో ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వస్తే పులస. చేప ఒకటే. పేరు మారుతుంది, రుచి మారుతుంది, ధర సంగతి సరేసరి. అమెరికా పడమటి తీరాన కూడా ఇలాంటి రెండు పేర్ల చేప ఒకటి ఉంది. బతుకంతా కొండనదిలోనే గడిపితే దాన్ని రెయిన్‌బో ట్రౌట్ అంటారు. అదే జాతి పిల్ల సముద్రానికి పోయి, పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన నదికి తిరిగివస్తే స్టీల్‌హెడ్ అంటారు.

వాషింగ్టన్ రాష్ట్రంలో, ఆ దేశపు వాయవ్య మూలన, ఒలింపిక్ ద్వీపకల్పం ఉంది. మూడు వైపులా ఉప్పునీరు, మధ్యన మంచుకొండలు. ఆ కొండల్లో పుట్టిన ఏళ్లు కొద్దిదూరం గలగలా పరుగెత్తి సముద్రంలో పడతాయి. నీరు చల్లన, తేట. ట్రౌట్‌కు కావలసింది అదే.

ఆ చేపను పట్టడానికి అక్కడివారు ఇష్టపడే పద్ధతి ఫ్లై ఫిషింగ్. మనం గాలానికి వానపామును గుచ్చుతాం, సీసం గుండు కడతాం. వాళ్లు చిన్న గాలానికి పక్షి ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగులా తయారుచేస్తారు. దానికి బరువుండదు, విసిరితే ముందుకు పోదు. అందుకని బరువు దారంలోనే పెడతారు. లావుపాటి దారాన్ని కర్రతో వెనక్కి ఆడించి, అది గాలిలో పూర్తిగా చాపుకున్నాక ముందుకు వేయాలి. తొందరపడ్డారా, దారం మెడకు చుట్టుకుంటుంది! ట్రౌట్ బండ చాటున, ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, కొట్టుకొచ్చే పురుగుల కోసం కాచుకుని ఉంటుంది. కాబట్టి దాని కంట పడకుండా దిగువ నుంచి నడవాలి. ఈకల పురుగు నీటి వేగంతోనే కొట్టుకుపోవాలి. పక్కకు ఈడ్చుకుపోతే చేపకు అనుమానం వస్తుంది. సగం పని నీటిని గమనించడమేనని నాకనిపిస్తుంది.

చాలామంది పట్టిన చేపను మళ్లీ వదిలేస్తారు. అందుకే కొనకు ముల్లు లేని గాలం వాడతారు. చేయి తడుపుకుని మరీ చేపను పట్టుకుంటారు, పొడిచేయి తగిలితే ఒంటిమీది జిగురు ఊడిపోతుందని. మరి కూర మాటేమిటంటారా? ఆ ప్రశ్న నాదీనూ.

ఆ ద్వీపకల్పంలోనిదే ఎల్వా నది. సముద్రానికి సుమారు 8 కిలోమీటర్ల ఎగువన 1913లో కరెంటు కోసం ఒక ఆనకట్ట కట్టారు. చేపలకు దారి ఉంచాలని రాష్ట్రంలో అప్పటికే చట్టం ఉంది. అయినా దారి పెట్టలేదు. 1927లో ఇంకా ఎగువన రెండోది లేచింది. నది ఒడ్డున తరతరాలుగా చేపమీద బతికిన క్లాలమ్ తెగవారికి నోటిముందు కూడు పోయింది. తమ జాతి పుట్టిన చోటని వారు నమ్మే స్థలం కూడా నీట మునిగింది.

మన ధవళేశ్వరం ఆనకట్టతో దీన్ని పోల్చడం తగదు. అది డెల్టాకు అన్నం పెట్టింది. ఎల్వా ఆనకట్టలు ఇచ్చిన కరెంటు స్వల్పం. తెగవారు పట్టు వదలలేదు. 1992లో అమెరికా కాంగ్రెసు నదిని బాగుచేయడానికి చట్టం చేసింది. 2011లో కూల్చడం మొదలై 2014కి రెండు కట్టలూ పోయాయి. మునిగిన స్థలం బయటపడింది. ఏళ్ల తరబడి ఆగిన ఇసుక, మట్టి దిగువకు కొట్టుకొచ్చి నదీముఖంలో కొత్త తీరం వేసింది.

విశేషం చేపది. ఎగువన చిక్కుబడ్డ ట్రౌట్ సుమారు వందేళ్లు సముద్రం మొహం చూడలేదు. తరాల తరాలు ఏట్లోనే పుట్టి ఏట్లోనే పోయాయి. దారి తెరుచుకోగానే వాటి సంతతిలో కొన్ని సముద్రానికి దిగాయి, స్టీల్‌హెడ్‌లై తిరిగొచ్చాయి. దాదాపు కనుమరుగైన వేసవి స్టీల్‌హెడ్ ఎగువ ఏళ్లలో మళ్లీ కనిపించింది. వాటిలో ఆ పాత ట్రౌట్ వారసత్వం ఉందని జన్యు పరీక్షల్లో తేలింది.

చేపలు కుదురుకోవాలని 2011లో నదిలో వేట ఆపేశారు. ఆ ఆంక్షకు తెగవారూ ఒప్పుకున్నారు, ఈకల గాలాలవారూ కర్రలు పక్కన పెట్టారు. 2023లో మొదటిసారిగా క్లాలమ్ తెగవారు, తమ ఆచారం కోసం, తిండి కోసం, కొద్దిపాటి కోహో సాల్మన్ చేపలు పట్టుకున్నారు. స్టీల్‌హెడ్ జోలికి పోలేదు.