గీత పోదు, పడుకుంటుంది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

"నీ పని గురించి పది నిమిషాలు మాట్లాడు" అన్నారు కమిటీ వారు. నా పని స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలు చేయించడం. వంటింటి పాత్రలు కావు. మందుల కంపెనీల్లో మందు తయారయ్యే పెద్ద పాత్రలు, వెసెల్స్ అంటాం. వాటి లోపలి గోడను అద్దంలా మెరిపించడం గురించి నాలుగు మాటలు చెబుతాను.

ఏడో తరగతిలో వ్యాసరచన పోటీకి ఈ బడి నాకో స్టీలు గ్లాసు ఇచ్చింది. దాని మీద చుక్కలు చుక్కలుగా నా పేరు కొట్టించారు. దారి పొడుగునా అందులో ముఖం చూసుకుంటూ ఇంటికెళ్లాను. స్టీలు పుట్టుకతోనే అలా మెరుస్తుందనుకున్నాను. కాదండీ. మిల్లు నుంచి మాకొచ్చే రేకు మసక బూడిద రంగులో ఉంటుంది. దాన్ని వంచి, వెల్డింగ్ చేస్తే అతుకులు మచ్చలతో, బొడిపెలతో తేలతాయి.

మెరుపు పైన పూసేది కాదు. పెద్ద గీతను తీసి చిన్న గీత పెట్టడం, ఆ చిన్న గీతను తీసి ఇంకా చిన్న గీత పెట్టడం, అంతే. గీతలు కంటికి ఆననంత సన్నబడ్డాక వెలుగు చెదరకుండా తిరిగొస్తుంది. దాన్నే అద్దం అంటున్నాం.

ముందు అతుకును గ్రైండింగ్‌తో చదును చేస్తాం. తర్వాత 80 నంబరు ఎమరీ. ఆపైన 120, 180, 240, 320, 400. నంబరు పెరిగేకొద్దీ రేణువు సన్నబడుతుంది. నంబరు మారినప్పుడల్లా దిశ కూడా మారుస్తాం. 120 నిలువుగా నడిపితే 180 అడ్డంగా నడపాలి. అప్పుడు అడ్డగీతల మధ్య ఒక్క నిలువు గీత మిగిలినా, టార్చి ఏటవాలుగా పెడితే దొరికిపోతుంది. అది పోయేదాకా తర్వాతి నంబరు ముట్టుకోకూడదు. చివర్లో గుడ్డ చక్రం, ఆకుపచ్చ కాంపౌండ్. ఒకేచోట గట్టిగా నొక్కినా ప్రమాదమే. ఈ స్టీలు వేడిని త్వరగా పక్కకు పంపదు. నొక్కిన చోట రంగు మారుతుంది, రేకు వంకర పోతుంది.

అమెరికా నుంచి వచ్చిన మిత్రులు చికాగోలో అనీష్ కపూర్ చేసిన క్లౌడ్ గేట్ చూసే ఉంటారు. 168 స్టీలు పలకలు అతికి చేశారు. బయటికి ఒక్క అతుకూ కనబడదు. అక్కడ మెరుపు చూడ్డానికి. మా వెసెల్‌లో మెరుపు చూసేవారే ఉండరు. మమ్మల్ని తరచుగా అడిగే నునుపు 0.4 మైక్రాన్లు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. గీతలో ఒక మందు ఇరుక్కుంటే, కడిగినా పోక, తర్వాత చేసే ఇంకో మందులో కలుస్తుంది. మింగే రోగికి ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. 1994. హైదరాబాదులో ఒక చిన్న షెడ్డులో ఉద్యోగం. 500 లీటర్ల వెసెల్ శుక్రవారానికి వెళ్లాలి. పాలిష్ మేస్త్రీకి మా నాన్న వయసుంటుంది. చదరపు అడుగు లెక్కన కూలీ. ముఖానికి తువ్వాలు చుట్టుకుని, చేతిలో లైటుతో, మ్యాన్‌హోల్ లోంచి దిగి పనిచేస్తున్నాడు. 120 అయింది. "ఇక 320 కొట్టెయ్ మేస్త్రీ, మిగిలింది బఫింగ్‌లో పోతుందిలే" అన్నాను.

ఆయన తల బయటికి పెట్టి, "గీత పోదండీ సార్, పడుకుంటుంది" అన్నాడు.

నేను వినలేదు. బఫింగ్ అయ్యాక వెసెల్ తళతళలాడింది. యజమాని నా భుజం తట్టాడు. మర్నాడు ఎలక్ట్రో పాలిషింగ్‌కు పంపాం. యాసిడ్‌లో కరెంటు పెడితే పైపొర సన్నగా కరుగుతుంది. గుడ్డ చక్రం తోసి కప్పిన లోహం అక్కడ కరిగిపోయింది. పడుకున్న గీతలన్నీ లేచి నిలబడ్డాయి, 120 నంబరు గీతలు, వేసినవి వేసినట్టే.

మళ్లీ 180 నుంచి మొదలు. నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల కూలీ మేస్త్రీకి ఇవ్వలేదు. "పని చెడగొట్టింది నువ్వే" అన్నారు యజమాని. నేను పక్కనే నిలబడి ఉన్నాను. మేస్త్రీ ఒకసారి నా వైపు చూశాడు, మళ్లీ వెసెల్‌లోకి దిగాడు. నేను నోరు విప్పలేదు.

లెక్కల మాస్టారూ, జవాబు సరిగ్గా వచ్చినా మధ్యలో స్టెప్పు లేకపోతే మీరు మార్కులు కోసేవారు. ఆ రాత్రి మీరే గుర్తొచ్చారు. రెండు నెలలకు ధైర్యం తెచ్చుకుని యజమానికి నిజం చెప్పాను. అప్పటికే మేస్త్రీ వేరే షెడ్డుకు వెళ్లిపోయాడు. వెతికాను, దొరకలేదు. ఆ డబ్బు ఇప్పటికీ నా బాకీయే.

ఇప్పుడు నాకో షెడ్డు ఉంది. అక్కడ ప్రతి వెసెల్‌కు ఒక కాగితం ఉంటుంది. నంబరుకో గడి. ప్రతి గడిలో పాలిష్ చేసినవాడి సంతకం ఉండాలి. అతను సరేననందే తర్వాతి నంబరు మొదలుకాదు. ఆ గడి కొట్టేసే హక్కు నాకు కూడా లేదు. ఇంజనీరు మాట వల్ల పని తిరగబడితే రెండోసారి కూలీ కూడా ఇస్తాం. గీతలు ఇప్పటికీ మిగులుతూనే ఉంటాయి, కానీ 180 దగ్గరే బయటపడుతున్నాయి. మన బడి పదో తరగతి పిల్లలు వస్తానంటే ఈ మెట్లన్నీ దగ్గరుండి చూపిస్తాను. ఇది హెడ్మాస్టారు గారికి నా మనవి.

ఆ గ్లాసు మా ఇంట్లో ఇంకా ఉంది. పీచుతో తోమి తోమి మసకబారింది. షెడ్డుకు తీసుకెళ్లి అద్దంలా చేసి తెస్తానంటే మా అమ్మ ఇవ్వలేదు. "గీతలతోపాటు పేరు కూడా పోతుందిరా" అంది. నిజమే, పోతుంది. అందుకే అలాగే ఉంచాం.