స్వాతంత్ర్యం శివారుకు చేరిందా?

(రాజమహేంద్రవరంలో చేసిన ప్రసంగ పాఠం)



వలస పాలన నుండి బయటపడిన దేశాల విద్య, వైద్య, ఆర్థిక సమస్యలను గురించి మాట్లాడమని నన్ను కోరారు. అందుకోసం ఆఫ్రికా దాకా పోనక్కరలేదు. ఈ గోదావరి గట్టునే ఆ చరిత్ర ఉంది.

నరసాపురం పక్కనున్న మాధవాయపాలెం పేరుతో ఒకప్పుడు ఐరోపాలో బట్ట అమ్ముడుపోయేది. దానిని ‘మడపొల్లం’ అనేవారు. ఇంజరంలోనూ కంపెనీవారు నేతబట్ట కొనేవారు. ఇంగ్లండు మిల్లు బట్ట వచ్చాక ఆ కొనుగోళ్లు ఆగిపోయి, నేతగాని బతుకు కూలింది. పైన కరువులు. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. నది పక్కనే పారుతుండగా జనం ఆకలికి చనిపోయారు, వలసపోయారు.

1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ దొర చేసిన మేలు మరువరానిది. కాని ప్రభుత్వం సొమ్ము పెట్టింది శిస్తు పెరుగుతుందన్న లెక్కతోనే. భూమి ఉన్నవారికి నీరు వచ్చింది. ఆ పంటతో వారి పిల్లలకు చదువు, చదువుతో ఉద్యోగం వచ్చాయి. భూమిలేని కూలీలు, చేతివృత్తులవారు, చిల్లర వర్తకులు వెనుకబడ్డారు. మనలో అనేకులు ఆ వెనుక వరుసలోనే ఉండిపోయారు.

1947 తరువాత ఆ వరుస మారిందా? 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక చూడండి. 6 నుండి 14 ఏళ్ల ముస్లిం పిల్లలలో నూటికి 25 మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానినవారో. ఐ.ఏ.ఎస్. అధికారులలో మనవారు నూటికి ముగ్గురే.

ఆరోగ్యం సంగతీ అంతే. డెల్టాలో సాగుకూ తాగుకూ ఒకటే కాలువ. పట్టణాల మురుగు, చేపల చెరువుల నీరు అందులోనే కలుస్తాయి. 2020 డిసెంబరులో ఏలూరులో 500 మందికి పైగా మూర్ఛలతో ఆసుపత్రి పాలయ్యారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్లు ఎయిమ్స్ పరీక్షలలో తేలింది. రోజు కూలి మీద బతికే ఇంటికి రోగమంటే అప్పు. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల 1958లోనే వచ్చినా, రాజమహేంద్రవరానికి, ఏలూరుకు ప్రభుత్వ వైద్య కళాశాలలు 2023లో గాని రాలేదు.

మరి మన చేతిలో ఏముంది? 2007 చట్టం ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది నిలబడింది. నూర్‌బాషా సోదరులు అంతకు ముందునుంచే బి.సి.-బిలో ఉన్నారు. ఇంత పోరాడి తెచ్చుకున్న హక్కు ధ్రువపత్రం లేక చేజారకూడదు. సీటు వచ్చిన రోజున పరుగెత్తడం కాదు, బిడ్డ పదో తరగతిలో ఉండగానే ఆ కాగితం ఇంట్లో ఉండాలి. 1 నుండి 8వ తరగతి వరకు ఇస్తున్న కేంద్ర మైనారిటీ స్కాలర్‌షిప్‌ను 2022లో ఆపివేశారు. దానిని తిరిగి ఇమ్మని అడగడం మన హక్కు.

ఒక మాట మనలో మనం చెప్పుకోవాలి. పదో తరగతి పాసైన ఆడపిల్లను ఇంట్లో కూర్చోబెడితే, ఆ తప్పు తెల్లదొరలదీ కాదు, ప్రభుత్వానిదీ కాదు. ప్రతి మసీదు కమిటీ తన మొహల్లాలో చదువు మానిన పిల్లల జాబితా రాసి, ఆ ఇళ్లకు వెళ్లాలి.

శివారు భూమి రైతు నీరు దానంతటదే వస్తుందని గట్టున కూర్చోడు. నలుగురిని వెంటబెట్టుకొని లాకుల దగ్గరికి పోయి తన వంతు అడుగుతాడు. పై రైతుతో పగ పెట్టుకోడు, తన వంతు వదులుకోడు. మనమూ ఆ శివారు రైతులమే. కలిసి వెళ్లి అడుగుదాం.